తెనాలి డీటీపీ కంప్యూటరులో డెబియన్ 13: డిస్కు స్థలం పంపకాల డైరీ

నవంబరు మొదటి వారం: ఉన్న ఆస్తి ఎంత

తెనాలిలో ఒక మిత్రుని డీటీపీ కేంద్రంలోని పాత కంప్యూటరులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ 13ను పూర్తి స్థాయిలో స్థాపించే పని చేపట్టాను. పూర్తి స్థాయి అంటే డెస్క్‌టాప్, ఆఫీసు పనులు, పుటల కూర్పు, బొమ్మల సవరణ, స్కానింగు, తెలుగు ఫాంట్లు, వీటన్నిటినీ కలుపుకొని అని అర్థం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ యంత్రంలో ఉన్నది ఆరవ తరం ఇంటెల్ ప్రాసెసరు కాబట్టి విండోస్ 11 అర్హతల జాబితాలోకి అది రాదు. అలాగని విండోస్‌ను పూర్తిగా తీసివేయడానికీ వీలులేదు. పేజ్‌మేకరులో అనూ ఫాంట్లతో కూర్చిన పాత పుస్తకాలు పునర్ముద్రణకు వచ్చినప్పుడల్లా వాటిని మళ్లీ తెరవవలసి ఉంటుంది, ఆ ఫైళ్లలోని అక్షరాలు యూనికోడ్ కావు. అందువల్ల విండోస్ 10 ఇంటర్నెట్ లేకుండా ఒక మూలన ఉంటుంది, రోజువారీ పని డెబియన్‌లో సాగుతుంది. ఇదీ ఒప్పందం.

యంత్రంలో 8 జీబీ ర్యామ్, 480 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్కు ఉన్నాయి. స్థలం పంచే ముందు కొలతబద్ద ఏదో తేల్చుకోవాలి. డిస్కులు అమ్మేవారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్క వేస్తారు, విండోస్ మాత్రం 1024 చొప్పున హెచ్చవేసి చూపుతుంది. ఈ ఎస్‌ఎస్‌డీలో కచ్చితంగా 480,103,981,056 బైట్లు ఉన్నాయి, 1024 లెక్కలో అది 447 జీబీ మాత్రమే. 1 టీబీ డిస్కు 931 జీబీ అవుతుంది. డెబియన్ ఇన్‌స్టాలరు వేయిల లెక్కను వాడుతుంది, డిస్కు వాడకాన్ని చూపే డీఎఫ్ ఆదేశాన్ని ‘హెచ్’ ఐచ్ఛికంతో అడిగితే 1024 లెక్క చెబుతుంది. రెండింటినీ ఒకే కాగితం మీద కలిపి రాసుకుంటే కూడికలు ఎన్నటికీ కలవవు. ఇక్కడి నుంచి ఈ డైరీలో జీబీ అన్నచోటల్లా 1024 లెక్క అనే గ్రహించాలి.

అదే వారం: ‘పూర్తి’ అంటే ఎంత

డెబియన్ 13 విడుదల ప్రకటన ప్రకారం దానిలో 69,830 ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) ఉన్నాయి, అవన్నీ కలిసి డిస్కు మీద, ఆ ప్రకటన వాడిన వేయిల లెక్కలో, 403 జీబీ ఆక్రమిస్తాయి. అంతకుముందరి డెబియన్ 12లో ఈ అంకెలు 64,419, 365 జీబీ. అన్నిటినీ స్థాపించడమన్నది ఎలాగూ జరిగే పని కాదు, ఎందుకంటే వాటిలో ఒకదానితో ఒకటి పొసగనివి చాలా ఉంటాయి. కనుక పూర్తి స్థాపన అనే మాటకు హద్దులను ఆ కేంద్రంలో జరిగే పని నుంచి తెచ్చుకోవాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, లిబ్రేఆఫీస్, స్క్రైబస్, ఇంక్‌స్కేప్, గింప్, స్కానరు సాధనాలు, టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థకు చెందిన టెక్ లైవ్ సంపుటి అంతా, తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు. ఈ జాబితాలో బరువైనది టెక్ లైవ్. సహాయ పత్రాలతో కలిపితే అదొక్కటే 5 జీబీ దాటుతుంది. తెలుగు ఫాంట్లన్నీ కలిసినా దాని ముందు లెక్కలోకి రావు. పేజ్‌మేకర్ 7 అయితే 2001 నాటి సరుకు, స్థలం విషయంలో దానికి ఆశలు లేవు.

ఈ జాబితా అంతా స్థాపించిన రోజున 15 జీబీలోపే సర్దుకుంటుందని అంచనా వేశాను. కానీ నా దృష్టిలో పంపకానికి ఆధారం కావలసిన అంకె అది కాదు. డెబియన్ 12 వచ్చింది 2023 జూన్‌లో, 13 వచ్చింది 2025 ఆగస్టులో. రమారమి రెండేళ్లకొకసారి ఒక కొత్త విడుదల వస్తుందన్నమాట. ఈ యంత్రం ఇంకొక నాలుగైదేళ్లు పనిచేయాలంటే దాని మీద కనీసం ఒక పెద్ద అప్‌గ్రేడ్ జరుగుతుంది. ఆ రోజున కొత్త ప్యాకేజీలన్నీ ముందుగా డౌన్‌లోడ్ అయి ఒకచోట పోగుపడాలి, పాతవి ఇంకా ఉండగానే వాటి పక్కన కొత్తవి విప్పుకోవాలి, పాత కెర్నల్ (వ్యవస్థకు గుండెకాయ లాంటి ప్రోగ్రాము) తొలగకముందే కొత్త కెర్నల్ వచ్చి కూర్చోవాలి. వ్యవస్థకు ఆ రోజు ఎంత చోటు కావాలో దానిని బట్టే ఈ రోజు గోడలు కట్టాలి.

నవంబరు రెండవ వారం: విండోస్‌ను కుదించడం

ఎస్‌ఎస్‌డీ అంతా విండోస్ సీ డ్రైవుగా ఉంది. దానిలో నిజంగా వాడుకలో ఉన్నది 74 జీబీ. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారానే కుదించాలని నిర్ణయించాను, ఎందుకంటే విండోస్ ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను దాని సొంత ఇంటివాళ్లే ముట్టుకోవడం క్షేమం. అయితే 370 జీబీ ఖాళీ ఉన్నప్పటికీ ఆ సాధనం అందులో సగానికి మించి విడిపించడానికి ఒప్పుకోలేదు. కదల్చరాని ఫైళ్లు డిస్కు మధ్యలో ఎక్కడో పాతుకొని ఉండటమే ఇందుకు కారణం. పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు, సిస్టమ్ రిస్టోర్ దాచిన నకళ్లు ఈ కోవలోకి వస్తాయి. హైబర్నేషన్‌ను ఆపివేసి, సిస్టమ్ రిస్టోర్‌ను, పేజ్ ఫైలును తాత్కాలికంగా నిలిపి, యంత్రాన్ని రీస్టార్ట్ చేసిన తరువాత సీ డ్రైవు 120 జీబీకి దిగింది. ఆ తరువాత పేజ్ ఫైలును యథాస్థానానికి తెచ్చాను. హైబర్నేషన్‌ను మాత్రం ఆపివేసే ఉంచాను. దానివల్ల మూడు జీబీలకు పైగా కలిసిరావడం ఒక లాభమే గాని, అసలు లాభం వేరే ఉంది. హైబర్నేషన్ ఆగితే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగుతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నంతకాలం విండోస్‌ను మూసినా అది సగం నిద్రలోనే ఉంటుంది, ఆ స్థితిలో లినక్స్ నుంచి సీ డ్రైవులో రాయడం ప్రమాదకరం.

యంత్రం మొదలయ్యేందుకు కావలసిన ఫైళ్ల కోసం విండోస్ చేసుకున్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) 100 ఎంబీ. ఇది చాలదేమోనన్న సందేహం చాలామందికి వస్తుంది. గ్రబ్ అనే బూట్ లోడరు (వ్యవస్థను లేపే ప్రోగ్రాము) వాడినంతకాలం చాలుతుంది, ఎందుకంటే డెబియన్ అందులో పెట్టేది బూట్ లోడరు ఫైళ్లు మాత్రమే, అవి కొద్ది ఎంబీలకు మించవు. కెర్నళ్లు వేరే బూట్ పార్టిషన్‌లో ఉంటాయి. గ్రబ్‌కు బదులు సిస్టమ్‌డీ-బూట్ ఎంచుకుంటే కెర్నళ్లు కూడా సాధారణంగా ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోకే చేరతాయి, అప్పుడు 100 ఎంబీ ఏ మూలకూ సరిపోదు. పనిచేస్తున్న విండోస్ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను కదిపి పెద్దది చేసే సాహసం కంటే గ్రబ్‌తోనే ఉండటం మేలని నా అభిప్రాయం.

రెండవ వారం చివర: అసలు పంపకం

సీ డ్రైవు, ఈఎఫ్‌ఐ, విండోస్ రికవరీ పార్టిషన్ పోగా ఎస్‌ఎస్‌డీలో 326 జీబీ మిగిలింది. దానిని ఇలా పంచాను.

బూట్ పార్టిషన్‌కు 1 జీబీ. పాత మార్గదర్శకాలలో 200 ఎంబీ, 250 ఎంబీ చాలునని రాసి ఉంటుంది, వాటిని ఇప్పుడు నమ్మకూడదు. కెర్నల్, ఫర్మ్‌వేర్ ప్యాకేజీల పరిమాణం బాగా పెరిగినందున, 12 నుంచి 13కు మారేవారు బూట్ పార్టిషన్ కనీసం 768 ఎంబీ ఉండేలా, అందులో 300 ఎంబీ వరకు ఖాళీగా ఉండేలా చూసుకోవాలని డెబియన్ 13 విడుదల పత్రమే చెబుతోంది. బూట్ పార్టిషన్ ఎల్‌వీఎమ్ (డిస్కు స్థలాన్ని ఒకే రాశిగా చేసి కావలసినట్లు పంచే ఏర్పాటు) బయట ఉంటుంది కాబట్టి దానిని తరువాత పెంచడం తలనొప్పి. ఉదారంగా ఇవ్వవలసిన చోటు ఏదైనా ఉందంటే ఇదే, పైగా ఇక్కడ ఉదారత ఖరీదు కొద్ది వందల ఎంబీలే.

మిగిలిన 325 జీబీని ఒకే ఎల్‌వీఎమ్ సమూహంగా చేశాను. దానిలోంచి రూట్‌కు (వ్యవస్థ, సాఫ్ట్‌వేర్ ఉండే చోటు) 50, స్వాప్‌కు (ర్యామ్‌లోని సరుకును దించే చోటు) 10, హోమ్‌కు (వాడేవారి ఫైళ్లుండే చోటు) 140 జీబీ కేటాయించాను. మొత్తం 200. తక్కిన 125 జీబీని ఎవరికీ ఇవ్వకుండా వదిలివేశాను.

కాగితం మీద ఈ పంపకం చూసి మిత్రుడు, “డబ్బు పెట్టి కొన్న స్థలాన్ని బీడు పెట్టడం ఎందుకండీ?” అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఇక్కడ వాడిన ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను (ఫైళ్లను డిస్కు మీద అమర్చే పద్ధతి) పెంచడం చాలా సులువు. అది వాడుకలో ఉండగానే, ఫైళ్లు తెరిచి ఉండగానే, ఒక్క ఆదేశంతో అయిపోతుంది. తగ్గించాలంటే మాత్రం దానిని వాడుక నుంచి తప్పించాలి. రూట్‌ను తగ్గించాలంటే యంత్రాన్ని పెన్‌డ్రైవు నుంచి బూట్ చేయాలి, అందుకు ముందు బ్యాకప్ తీసుకోవాలి, అంతసేపూ దుకాణంలో పని ఆగుతుంది. మరొక ఫైల్ సిస్టమ్ అయిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఎంచుకుంటే తగ్గించే మార్గమే ఉండదనుకోవాలి. ఏ గదికి ఎంత కావాలో ఆరు నెలల వాడుక చెబుతుంది గాని మొదటిరోజు ఊహ చెప్పలేదు. ఊహ మీద అంతా పంచేసి తరువాత ఒకరి నుంచి లాక్కోవడం కంటే, తక్కువ ఇచ్చి అవసరాన్ని చూసి పెంచడమే సరైన పద్ధతి. ఎల్‌వీఎమ్ పెట్టుకొని స్థలమంతా మొదటిరోజే పంచేసే అలవాటు చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ పని చేసేవారికి ఎల్‌వీఎమ్‌తో ఒనగూరే ప్రయోజనం స్వల్పం.

వ్యవస్థ నడుస్తుండగా మారుతూ ఉండే ఫైళ్లు చేరే వార్ డైరెక్టరీని విడదీయాలా వద్దా అన్నది మరొక ఆలోచన. లాగ్‌లు (వ్యవస్థ రాసుకునే చిట్టాలు), డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీలు, ఫ్లాట్‌ప్యాక్ అనే వేరే పద్ధతిలో వచ్చే అప్లికేషన్లు అన్నీ అక్కడే పెరుగుతాయి. సర్వర్లలో దానిని విడదీయడం మంచిదే, లాగ్‌లు అదుపు తప్పినా రూట్ నిండకుండా అడ్డు ఉంటుంది. డెస్క్‌టాప్‌లో విడదీస్తే రెండు చిన్న గదులై, అప్‌గ్రేడ్ రోజున ఒకదానిలో చోటు ఉండి రెండవదానిలో చాలని పరిస్థితి వస్తుంది. అందుకని రూట్‌తోనే ఉంచి, పెరిగే వాటికి కళ్లెం వేశాను. లాగ్‌లను దాచే సిస్టమ్‌డీ జర్నల్ తనంతట తాను ఫైల్ సిస్టమ్‌లో పదోవంతు వరకు, గరిష్ఠంగా 4 జీబీ వరకు పెరుగుతుంది, దానిని 500 ఎంబీకి పరిమితం చేశాను. ప్యాకేజీల విషయంలో ఒక తేడా గమనించాలి. ఆప్ట్ ఆదేశం స్థాపన ముగియగానే డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లను తీసివేస్తుంది, ఆప్ట్-గెట్ మాత్రం వాటిని అలాగే దాచిపెడుతుంది. పాత అలవాటు కొద్దీ ఆప్ట్-గెట్ వాడేవారి వార్ డైరెక్టరీ ఎందుకు ఉబ్బుతున్నదో దీన్నిబట్టి తెలుస్తుంది.

స్వాప్‌కు 10 జీబీ ఇవ్వడానికి కారణం హైబర్నేషన్. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ నిలిచే కొద్దిపాటి సమయంలో పనిని ఉన్నదున్నట్లు దాచి ఆపగలగాలంటే, ర్యామ్‌లోని సరుకంతా డిస్కు మీద పట్టాలి. అసలు అవసరం అంతకంటే తక్కువే ఉంటుంది గాని, ర్యామ్‌కు సమానంగా, పైన కొంచెం ఎక్కువగా ఇస్తే నిశ్చింత. హైబర్నేషన్ అక్కరలేనివారికి ఇందులో సగం కూడా ఎక్కువే.

నవంబరు మూడవ వారం: స్థాపన

ఇన్‌స్టాలరులో గైడెడ్ పద్ధతిని వదిలి మాన్యువల్ పద్ధతిలో పై పంపకాన్ని ఎక్కించాను. దాని గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఫార్మాట్ చేసే గుర్తు విండోస్ పార్టిషన్ల మీద లేదని, మార్పులను డిస్కు మీద రాసే ముందు వచ్చే చివరి పట్టికలో ఒకటికి రెండుసార్లు చూసుకోవడం తప్పనిసరి. జాబితాలోని సాఫ్ట్‌వేర్ అంతా ఎక్కిన తరువాత రూట్‌లో వాడుక 14 జీబీ దగ్గర నిలిచింది.

డెబియన్ 13లో వచ్చిన ఒక మార్పు మాత్రం ఈ కేంద్రం పనికి నేరుగా తగులుతుంది. తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ డైరెక్టరీ ఇప్పుడు డిస్కు మీద కాక ర్యామ్‌లో ఉంటుంది, ర్యామ్‌లో సగం వరకు పెరగగలదు. అంటే ఇక్కడ 4 జీబీ. మామూలు వాడుకకు అది ధారాళం. కానీ స్కాన్ చేసిన పుటల లెక్క చూడండి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో రంగులతో స్కాన్ చేస్తే 2480 అడ్డం, 3508 నిలువు చుక్కలు వస్తాయి, చుక్కకు మూడు బైట్ల చొప్పున పుటకు 25 ఎంబీ అవుతుంది. రెండు వందల పుటల పుస్తకం కుదింపు లేకుండా 5 జీబీ దగ్గరకు వస్తుంది. అటువంటి పుటలను గుదిగుచ్చి పీడీఎఫ్ చేసే సాధనం తన చిత్తుపని టెంప్‌లో పెట్టుకుంటే 4 జీబీ గది నిండిపోయి, ఎస్‌ఎస్‌డీలో ఎంత చోటున్నా ‘స్థలం లేదు’ అన్న సందేశం వస్తుంది. టెంప్‌ను తిరిగి డిస్కు మీదకు తేవడానికి మార్గం ఉన్నప్పటికీ, నేను ఆ మార్పును అలాగే ఉంచి, స్కానింగు స్క్రిప్టుకు మాత్రమే హోమ్‌లో వేరే చిత్తు ఫోల్డరు చూపించాను. కొత్త స్థాపనలలో టెంప్‌లోని ఫైళ్లు పది రోజులు దాటితే వాటంతట అవే తొలగిపోతాయన్న సంగతిని కూడా కేంద్రంలో పనిచేసేవారికి చెప్పి ఉంచాను, ఎందుకంటే డెస్క్‌టాప్ నిండిపోయినప్పుడు ఫైళ్లను టెంప్‌లో పడేసే అలవాటు అక్కడ ఒకరికి ఉంది.

నవంబరు నాలుగవ వారం: 1 టీబీ డిస్కు

ఈ డిస్కులో ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద 610 జీబీ పాత స్కాన్లు, ముద్రణకు పంపిన పీడీఎఫ్‌లు ఉన్నాయి. వాటిని అరువు తెచ్చిన బయటి డిస్కుకు ఎక్కించి, దీనిని ఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, తిరిగి దించుకోవాలి. దీనిలోనే హోమ్ బ్యాకప్ కూడా ఉండాలి. 610కి 140 కలిపితే 750 జీబీ. 931లో అది హాయిగా పడుతుందని అనిపిస్తుంది గాని, ఎక్స్‌టీ4 మామూలు అమరికలతో ఫార్మాట్ చేస్తే రెండు కోతలు పడతాయి.

మొదటిది ఐనోడ్ల (ఒక్కొక్క ఫైలు వివరాలు రాసుకునే గడుల) పట్టిక. ప్రతి 16 కేబీలకు ఒకటి చొప్పున, ఒక్కొక్కటి 256 బైట్లతో, ఫైళ్లు ఉన్నా లేకున్నా ముందే చోటు తీసి పెడుతుంది. అంటే మొత్తంలో అరవై నాలుగో వంతు, ఈ డిస్కులో పద్నాలుగున్నర జీబీ. రెండవది నిర్వాహకుని కోసం పక్కన పెట్టే అయిదు శాతం, 46 జీబీకి పైమాట. రెండూ కలిపి 61 జీబీ. రూట్ ఫైల్ సిస్టమ్‌లో ఆ అయిదు శాతం ఎంతో అవసరం. డిస్కు నిండినా లాగిన్ కాగలగడానికి, సేవలు నడవడానికి అదే ఆధారం, కాబట్టి అక్కడ దానిని ముట్టుకోలేదు. హోమ్‌లో ఒక శాతానికి తగ్గించాను. దస్త్రాల గదిగా మాత్రమే ఉండే 1 టీబీ డిస్కులో సున్నా చేశాను. ఐనోడ్లను కూడా ‘లార్జ్‌ఫైల్’ అమరికతో ఎంబీకి ఒకటి చొప్పున పెట్టాను, పట్టిక పావు జీబీకి దిగింది. అప్పుడు ఆ డిస్కులో గరిష్ఠంగా తొమ్మిదిన్నర లక్షల ఫైళ్లు పడతాయి. ఇక్కడున్నవి లక్షన్నర కూడా లేవు. హోమ్‌లో ఈ పొదుపు చేయకూడదు. బ్రౌజరు క్యాషే లాంటివి చిన్న చిన్న ఫైళ్లను వేలకు వేలు పుట్టిస్తాయి, ఐనోడ్లు అయిపోతే జీబీలు మిగిలి ఉన్నా కొత్త ఫైలు పుట్టదు. డీఎఫ్ ఆదేశాన్ని ‘ఐ’ ఐచ్ఛికంతో అడిగితే తప్ప ఆ కారణం బయటపడదు.

తెలుగు పేర్లున్న ఫైళ్లతో మరొక సంగతి ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైలు పేరు 255 అక్షర సంకేతాల వరకు ఉండవచ్చు. ఎక్స్‌టీ4లో హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది, గుణింతపు గుర్తులూ వత్తుకు ముందుండే పొల్లూ విడివిడి సంకేతాలే. ‘శ్రీకృష్ణదేవరాయలు’ అన్న పేరు కంటికి ఎనిమిది అక్షరాలు, సంకేతాలుగా పదిహేడు, బైట్లుగా 51. ఆ పేరును అయిదుసార్లు వరుసగా రాస్తే 255 నిండి, ఆపైన చుక్క పెట్టి పీడీఎఫ్ అని చేర్చడానికి కూడా చోటుండదు. అంటే తెలుగు పేరుకు 85 సంకేతాలే హద్దు. పుస్తకం పేరు, రచయిత, ముద్రణ, సంపుటం, ‘ఫైనల్’, ‘ఫైనల్ సవరించినది’ అంటూ పేర్లు పెట్టే చోట ఇది చాలా త్వరగా దాటిపోతుంది. కాబట్టి కాపీ మొదలుపెట్టే ముందే, విండోస్‌లో ఉండగానే 85 దాటిన పేర్లన్నిటినీ వెదికి తీయించి, మిత్రుని చేతనే కుదింపించాను. ఏ పుస్తకం ఏదో ఆయనకు తెలుస్తుంది గాని నాకు తెలియదు. ఫోల్డరు పేర్లకూ ఇదే హద్దు వర్తిస్తుంది.

డిసెంబరు: వాడుక చెప్పిన లెక్క

వాడుక మొదలయ్యాక రూట్ 14 నుంచి 17 జీబీకి చేరింది. అందులో అధిక భాగం ఒక ఫ్లాట్‌ప్యాక్ అప్లికేషను, దానికి ఆధారమైన రన్‌టైమ్‌లది. బూట్‌లో రెండు కెర్నళ్లున్నాయి, అయినా అక్కడ చోటు సగానికి పైగా ఖాళీ. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా, అక్కరలేని ప్యాకేజీలను తీసివేసే ఆటోరిమూవ్ నడపాలని గోడ మీది క్యాలెండరులో రాయించాను, ఎందుకంటే ఒక్కొక్క పాత కెర్నల్ బూట్‌లోనే కాక రూట్‌లో తన మాడ్యూళ్ల (డ్రైవర్ల వంటి విడిభాగాల) కోసం కూడా చోటు పట్టుకొని కూర్చుంటుంది.

పెరిగినది హోమ్. ఒక ప్రచురణకర్త పాత సంచికల స్కానింగు పని అప్పగించడంతో అది 118 జీబీకి చేరింది. స్కానింగు సాగుతుండగానే, బీడుగా ఉంచిన 125 జీబీలోంచి 40 జీబీని హోమ్‌కు చేర్చాను. ఎల్‌వీఎక్స్‌టెండ్ ఆదేశానికి ‘ఆర్’ ఐచ్ఛికం జోడిస్తే లాజికల్ వాల్యూమ్‌తో (ఎల్‌వీఎమ్ కేటాయించిన భాగంతో) పాటు దాని మీది ఫైల్ సిస్టమ్ కూడా పెరుగుతుంది. స్కానరు దగ్గర కూర్చున్న అబ్బాయికి ఏమీ తెలియలేదు, మిత్రుడు మాత్రం తెర మీద 140 కాస్తా 180 కావడాన్ని చూసి బీడు సంగతి మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు మిగిలి ఉన్నది 85 జీబీ. దానిలో 20 జీబీ రూట్ కోసం, వచ్చే విడుదలకు మారే రోజు వరకు కదపకుండా ఉంచాలని నిర్ణయించాము.

హోమ్ 180 అయింది కాబట్టి 1 టీబీ డిస్కులో బ్యాకప్‌కు లెక్క మళ్లీ వేశాను. 610కి 180 కలిపితే 790, మిగిలేది 140 జీబీ. స్కాన్లు ఇదే వేగంతో వస్తే పూర్తయిన పుస్తకాల పుటలను ఉన్నవి ఉన్నట్లుగా కాక, నాణ్యత నష్టపోని కుదింపుతో దాచవలసి ఉంటుంది. నలుపు తెలుపు పుటలను రంగులలో స్కాన్ చేయడం ముందుగా మానిపించాలి. ఒక బిట్ లెక్కన 300 డీపీఐ పుట ఒక ఎంబీ పైచిలుకే, 600 డీపీఐలో తీసినా నాలుగు ఎంబీల పైచిలుకే. స్కానరు అమరికలలో ఆ మార్పు చేసి, రెండు రకాల పుటలనూ లేజరు ముద్రణలో పక్కపక్కన పెట్టి చూడటం వచ్చే వారం పని.